ఈ లెక్కలో మా వాటా

ఖరీఫ్ అరబ్బీ మాట. ఆ భాషలో ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో పత్తి గింజ పెట్టే రైతు "ఈ ఖరీఫ్‌లో ఎకరాకి ఎన్ని క్వింటాళ్ళొస్తాయో" అంటున్నప్పుడు తాను అరబ్బీ మాట్లాడుతున్నానని అనుకోడు. అనుకోవాల్సిన పని కూడా లేదు. బాకీ, వసూలు, జమ, హక్కు, అసలు, తారీఖు, జిల్లా, తాలూకా - ఇవన్నీ ఎప్పుడో తెలుగైపోయాయి. రెవెన్యూ లెక్కల్లో నడిచే ఫసలీ సంవత్సరం పేరు కూడా 'ఫసల్' నుంచి, అంటే పంటకాలం నుంచి వచ్చిందే. హిజ్రీ అంకెను పట్టుకుని మొదలై, ఆ తర్వాత చంద్రుణ్ణి వదిలేసి సూర్యుడితో నడిచిన లెక్క అది. పన్ను పంటను బట్టి రావాలి గదా! జూలై ఒకటిన మారుతుంది, 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1984లో కరణాలు పోయారు గాని ఫసలీ పోలేదు.

మాటకు లేని ఇబ్బంది మనిషికొచ్చింది. అదే చేలో అరబ్బీ పేరున్న కూలీయో కౌలుదారో నిలబడితే "అసలు మీరెక్కణ్ణించి వచ్చారు సాయిబూ?" అనే ప్రశ్న పుడుతుంది. ఒకప్పుడు అది వేళాకోళం. 1992 డిసెంబర్ తర్వాత అది వేళాకోళంగా వినబడడం మానేసింది. మిరపకాయను మాత్రం ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ చేతుల మీదుగా 16వ శతాబ్దంలో మన దేశానికొచ్చిన కాయ అది. నన్నయ దాన్ని చూడలేదు, తిక్కన దాన్ని తినలేదు. ఇవాళ గుంటూరు పేరు చెబితే ముందు గుర్తొచ్చేది అదే.

మేము చదివిన బడిపుస్తకాల్లో సైన్సు చరిత్ర గ్రీసులో మొదలై, మధ్యలో ఎక్కడో చీకట్లో పడిపోయి, వెయ్యేళ్ళ తర్వాత ఐరోపాలో లేచేది. ఆ వెయ్యేళ్ళూ లోకం నిద్రపోయినట్టు. దీనికి మావాళ్ళ జవాబు ఇంకోరకం. మీలాద్ సభలో మైకు పట్టుకున్న వక్త సున్నా నుంచి విమానం దాకా అన్నీ మనవాళ్ళే కనిపెట్టారంటాడు. జనం సుబ్‌హానల్లా అంటారు. సున్నా మనది కాదు, భారతదేశానిది. అంటే నిజానికి అది మనదే, అయితే ఆ వక్త అనుకుంటున్న అర్థంలో కాదు. చీకటి అన్నవాళ్ళకీ, అన్నీ మావే అన్నవాళ్ళకీ తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని మన భాషలోంచే, మన పొలాల్లోంచే తీసి చూపించాలని మా ప్రయత్నం.

ముందు జేబుతో మొదలుపెడదాం. మన చొక్కా జేబే.

ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలో కోణాల లెక్కకు 'జ్యా' వాడాడు. జ్యా అంటే వింటినారి. వృత్తంలో ఒక ముక్క విల్లులా ఉంటే దాని రెండు కొసల్నీ కలిపే గీత నారిలా ఉంటుంది గనుక ఆ పేరు. తెలుగు మీడియం పిల్లలు ఇప్పటికీ వృత్తంలో జ్యా గీస్తూనే ఉన్నారు. ఆర్యభటుడికి కావలసింది అందులో సగం. ఈ జ్యానే జీవా అని కూడా అనేవారు. 8వ శతాబ్దంలో మన గ్రంథాలు బాగ్దాదు వెళ్ళినప్పుడు అరబ్బులు ఈ మాటను అనువదించకుండా 'జీబ' అని అలాగే ఉంచుకున్నారు. అరబ్బీ రాతలో పొట్టి అచ్చుల గుర్తులు మామూలుగా వెయ్యరు. వాళ్ళ భాషలో అర్థం లేని జీబ, అవే అక్షరాలున్న 'జైబ్' అయి కూర్చుంది. జైబ్ అంటే మెడ దగ్గర అంగీ తెరపు, ఎద. 12వ శతాబ్దంలో అరబ్బీ నుంచి లాటిన్‌లోకి మార్చినవాళ్ళు జైబ్‌కు తమ భాషలో సరిపోయే మాట వెతికి 'సైనస్' అని రాశారు. ఇవాళ ఇంటర్ కుర్రాడు బట్టీపట్టే సైన్ తీటా అదే. ఆ జైబే ఫారసీ, ఉర్దూల మీదుగా మన దర్జీల దగ్గరకొచ్చి జేబయింది. సంస్కృతంలో వింటినారి, అరబ్బీలో అంగీ తెరపు, లాటిన్‌లో ఎద, తెలుగులో చిల్లర వేసుకునే సంచి - ఇందులో ఎవరిదెంతో విడదీసి చెప్పమనండి చూద్దాం.

బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతం 770 ప్రాంతంలో ఖలీఫా మన్సూర్ దర్బారుకు చేరింది. అరబ్బీలో దాన్ని 'సింద్‌హింద్' అన్నారు. తర్వాత రెండు తరాలకు ఖలీఫా మామూన్ (813-833) కాలంలో ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ వచ్చాడు. పేరే చెబుతోంది, ఆయన మూలాలు మధ్య ఆసియాలోని ఖ్వారిజ్మ్‌వి. హిందూ అంకెలతో లెక్క చేయడం ఎలాగో ఆయనొక పుస్తకం రాశాడు. దాని అరబ్బీ మూలం పోయింది, లాటిన్ రూపం మిగిలింది. అందులో ఆయన పేరు 'అల్గోరిత్మి' అయింది. కంప్యూటర్ వాళ్ళ అల్గారిథమ్ ఆ పేరు లోంచి పుట్టిందే. మన అంకెల్ని ఐరోపా వాళ్ళు తమకు చేర్చినవాళ్ళ పేరుతో 'అరబిక్ అంకెలు' అన్నారు. అరబ్బులు తమకు ఇచ్చినవాళ్ళ పేరుతో 'అర్కామ్ హిందియా' అన్నారు, అంటే హింద్ అంకెలు. శూన్యాన్ని 'సిఫ్ర్' అన్నారు. సిఫ్ర్ అంటే ఖాళీ. పడమటికి వెళ్ళి అది జీరో, సైఫర్ అని రెండు మాటలయింది.

ఖ్వారిజ్మీ రెండో పుస్తకం పేరులోంచే ఆల్జీబ్రా వచ్చింది. అల్ జబ్ర్ అంటే విరిగినదాన్ని అతికించడం, ఎముక కట్టడం. స్పెయిన్‌లో ఒకప్పుడు ఎముకలు కట్టేవాణ్ణి 'అల్జెబ్రిస్తా' అనేవాళ్ళు. ఆ లెక్కన మన పుత్తూరు కట్టు వాళ్ళంతా ఆల్జీబ్రా పండితులే! లెక్కలో ఒకవైపు తీసివేతగా ఉన్నదాన్ని రెండు వైపులా కలిపి లోటు పూడ్చడం జబ్ర్. రెండు పక్కలా ఉన్న ఒకే రకం రాశుల్ని ఎదురెదురు నిలబెట్టి కొట్టేయడం ముకాబలా. ఎక్స్ లేదు, వై లేదు, అంతా మాటల్లోనే. ఆయన చేసిన ఒక లెక్కను మన చేలోకి తెచ్చి చూద్దాం. ఒక చదరపు మడి ఉంది. దాన్ని ఆనుకుని అంతే పొడవున పది గజాల వెడల్పు పట్టీ ఉంది. రెండూ కలిపి 39 చదరపు గజాలు. మడి భుజం ఎంత? పట్టీని నిలువునా రెండుగా, ఐదేసి గజాల చొప్పున కోసి మడికి రెండు పక్కలా పెట్టండి. ఒక మూల మాత్రం ఖాళీ ఉంటుంది, ఐదైదులు ఇరవై ఐదు. ఆ మూల పూడిస్తే పెద్ద చదరం తయారవుతుంది. 39కి 25 కలిపితే 64, దాని భుజం 8. అందులోంచి ఐదు తీసేస్తే 3. సర్వే గొలుసు పట్టుకున్నవాడెవడికైనా అర్థమయ్యే పని. వర్గసమీకరణం అనేసరికి భయపడే పిల్లలకు దీన్ని ఇలా నేలమీద గీసి ఎందుకు చెప్పరో మాకు తెలియదు.

ఆ పుస్తకంలో దాదాపు సగం వీలునామాలు, వారసత్వాల లెక్కలే. ఇస్లామీ వారసత్వంలో వాటాలన్నీ భిన్నాలు. ఒక రైతు భార్యనీ ఒక కొడుకునీ ఒక కూతుర్నీ వదిలి పోయాడనుకోండి. పన్నెండు ఎకరాల చేను. భార్యకు ఎనిమిదో వంతు, ఎకరంన్నర. మిగిలిన పదిన్నరలో కొడుక్కి ఏడు, కూతురికి మూడున్నర. వారసులు ఇంకాస్త పెరిగి, మధ్యలో అప్పులూ వీలునామాలూ వచ్చాయంటే లెక్క ముడిపడిపోతుంది. ఆ ముడి విప్పాల్సిన అవసరం ఉంది గనుకే ఖ్వారిజ్మీ అన్ని పేజీలు దానికిచ్చాడు. (ఆ మూడున్నర ఎకరాలు మా ఇళ్ళల్లో ఎంతమంది ఆడపిల్లల చేతికొచ్చాయన్నది వేరే వ్యాసం. అది మాకు వ్యతిరేకంగా మేమే రాసుకోవాలి.)

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. ఖ్వారిజ్మీ శతాబ్దంలోనే, 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి ఏలుబడిలో మహావీరాచార్యుడనే జైనుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. ఆ రాష్ట్రకూటుల్ని అరబ్బు యాత్రికులు 'బల్హరా' అని పిలిచారు. అరబ్బులంటే అభిమానమున్న రాజులని 851 నాటి ఒక వృత్తాంతంలోనే రాసి ఉంది. ఆ జైన గణితాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. పావులూరు ఎక్కడో లేదు, ఇంకొల్లు పక్కనే. మా చిన్నప్పుడు గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. మల్లనది 11వ శతాబ్దమని ఎక్కువమంది అంటారు. మల్లనలు ఇద్దరున్నారనీ, తాతా మనవలనీ సాహిత్య చరిత్రకారుల్లో తగాదా ఉంది, దాని జోలికి మేము పోము. మాకు ముఖ్యమైంది ఇది: జైనుడి సంస్కృత గ్రంథాన్ని ఒక శైవుడు తెలుగు పద్యాల్లో పెట్టాడు. దాన్ని ఎవరూ దొంగతనమనలేదు. తెలుగు గణితానికి ఆరంభమన్నారు. బాగ్దాదులో జరిగింది కూడా అదే.

మల్లన తెలుగులో లెక్కలు రాసిన శతాబ్దంలోనే అటు గజనీలో అల్ బిరూనీ (973లో పుట్టాడు) సంస్కృతం నేర్చుకుంటున్నాడు. పంజాబులో నందన కోట దగ్గర కొండెక్కి, దిగంతం ఎంత కిందికి వాలి కనిపిస్తుందో కొలిచి, ఆ ఒక్క కోణంతో భూమి వ్యాసార్థం లెక్కగట్టాడు. 1030 ప్రాంతంలో ఆయన రాసిన 'కితాబుల్ హింద్'లో మన పండితుల గణితం, ఖగోళం, మతం, ఆచారం అన్నీ ఉన్నాయి. వాళ్ళ గర్వాన్ని విమర్శించాడు. గజనీ మహమూద్ దాడులు ఈ దేశపు సంపదను నాశనం చేశాయనీ, విద్యలు అతను గెలిచిన ప్రాంతాలు వదిలి దూరంగా తరలిపోయాయనీ కూడా రాశాడు. మహమూద్ రాజ్యంలో ఉండి రాశాడు. మహమూద్ పేరు చెప్పి మమ్మల్ని నిలదీసేవాళ్ళు ఎప్పుడూ బిరూనీ పేరెత్తరు. మహమూద్‌ను వెనకేసుకొచ్చే మా కుర్రాళ్ళూ ఎత్తరు.

ఇంతకూ ఈ పండితులెవరు? అరబ్బీలో రాశారు గాని చాలామంది అరబ్బులు కారు. ఖ్వారిజ్మీ, బిరూనీ మధ్య ఆసియా వాళ్ళు. ఉమర్ ఖయ్యామ్ ఇరానీ. గ్రీకు వైద్య గ్రంథాల్ని అరబ్బీ చేసిన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ క్రైస్తవుడు. గణితంలో ఘనుడైన సాబిత్ బిన్ ఖుర్రా నక్షత్రాల్ని కొలిచే సాబియన్ మతస్థుడు. అందుకే 'ఇస్లామీ విజ్ఞానం' అన్న మాటను మేము జాగ్రత్తగా వాడతాం. అది ఒక మతం పుస్తకం కాదు, ఒక భాష గూడు.

ఇంకో సంగతి. ఖయ్యామ్ అంటే గుడారాలు కుట్టేవాడు. మూడో ఘాతపు సమీకరణాలకు దారి చూపిన గణితవేత్త ఇంటిపేరు అది. సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్‌ను 922లో బాగ్దాదులో చంపేశారు. హల్లాజ్ అంటే దూదేకేవాడు. తెలుగులో చెప్పాలంటే దూదేకుల మన్సూర్! మన పల్లెల్లో విల్లులాంటి పనిముట్టుకు నారి కట్టి, మీటి, పత్తి ఏకి పరుపులు కుట్టిన నూర్‌బాషాలు, దూదేకులవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఉర్దూ రాదని, పేర్లు తెలుగు వాసన వేస్తాయని, వాళ్ళు సగం ముస్లిములేనని మా సయ్యదులూ షేకులూ పెళ్ళి సంబంధాల దగ్గర ఎంత చిన్నచూపు చూశారో మాకు తెలుసు. ఇంగ్లీషులో 'కాటన్', స్పానిష్‌లో 'అల్గొదోన్' - రెండూ అరబ్బీ 'ఖుత్న్' నుంచే వచ్చాయి. (కాటన్ దొర ఇంటిపేరుకు మాత్రం పత్తితో సంబంధం లేదు.) పత్తి పేరు లోకమంతా అరబ్బీలో తిరుగుతుంటే, పత్తి ఏకేవాణ్ణి మా పంక్తిలో కూర్చోబెట్టడానికి మేము ఆలోచించాం. హల్లాజ్ పేరు ఖవ్వాలీల్లో వింటూ తలలూపాం.

ఇక ఈ చరిత్రలో తెలుగునేల వాటా చెప్పాలి. దానికి హైదరాబాదు వెళ్ళాలి. 1888లో అక్కడ దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ పుట్టింది. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, మౌలానా అన్వారుల్లా ఖాన్ దాని స్థాపకులు. లోకంలోని గ్రంథాలయాల్లో మూలుగుతున్న అరబ్బీ రాతప్రతుల్ని తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, తప్పులు దిద్ది అచ్చువేయడమే దాని పని. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. బిరూనీ ఖగోళ మహాగ్రంథం 'ఖానూన్ మస్ఊదీ' 1954-56లో మూడు సంపుటాలుగా వచ్చింది ఇక్కణ్ణించే. 1958లో 'కితాబుల్ హింద్' వేశారు. రాజీ వైద్య సర్వస్వం 'అల్ హావీ'ని 1955 నుంచి సంపుటం తర్వాత సంపుటంగా తెచ్చారు. కమాలుద్దీన్ ఫారిసీ గాజుగోళంలో నీళ్ళు నింపి, ఒక వానచినుకు పని దానితో చేయించి, ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో తేల్చాడు. ఆ పుస్తకాన్ని 1928-30లో అచ్చువేశారు. అబ్దుర్రహ్మాన్ సూఫీ 964లో రాసిన నక్షత్రాల పుస్తకం 1954లో. మన రోహిణి అరబ్బీలో 'దబరాన్', కృత్తికల వెంట నడిచేదని అర్థం. చంద్రుడు దాటే నక్షత్రాలు మనకు 27, వాళ్ళకు 28. వాటిని 'మనాజిల్' అన్నారు. మన మజిలీ ఆ మాటే. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయనే మన రైతుకూ, దబరాన్‌ను చూసి కాలం లెక్కగట్టిన ఎడారి మనిషికీ పైన ఉన్నది ఒకటే చుక్క.

వీటిల్లో మాకు అన్నింటికంటే దగ్గరగా అనిపించేది 'మీజానుల్ హిక్మా'. హిజ్రీ 1359లో, అంటే 1940-41లో హైదరాబాదులో అచ్చయింది. ఖాజినీ 1121లో మర్వ్ నగరంలో రాశాడు. ఆయన గ్రీకు మూలాలున్న బానిస, విడుదలై పండితుడయ్యాడు. ఐదు పళ్ళేల త్రాసు తయారుచేసి, వస్తువును గాలిలో ఒకసారి, నీళ్ళలో ఒకసారి తూచి, బంగారంలో వెండి ఎంత కలిసిందో కరిగించకుండానే చెప్పాడు. లోహాల, రత్నాల సాంద్రతల పట్టికలిచ్చాడు. త్రాసు ఎక్కడెక్కడ మోసం చేస్తుందో - కడ్డీలో, ముల్లులో, వేలాడే చోట - వివరంగా రాశాడు. మిర్చి యార్డులో కాటా ముందు నిలబడి తన టిక్కీ వైపు చూస్తుండే రైతుకు ఈ పుస్తకం దేన్ని గురించో వేరే చెప్పక్కర్లేదు. పాత తెలుగు చిట్టాల్లో మొత్తం కూడికను 'మీజాను' అని రాసేవారు. 1940లలో హైదరాబాదు నుంచి 'మీజాన్' పేరుతో ఉర్దూ పత్రికతోపాటు తెలుగు పత్రికా వచ్చేది, దాని సంపాదకుడు అడివి బాపిరాజు. రెండు భాషల్లో రాసి బతికే మాకు అది కాస్త ధైర్యమిచ్చే సంగతి.

బాగ్దాదును 1258లో మంగోలులు తగలబెట్టడంతో అంతా ముగిసిందని చెప్పడం మామూలు. ముగియలేదు. మరుసటేడే అదే మంగోల్ హులాగూ డబ్బుతో నసీరుద్దీన్ తూసీ మరాగాలో వేధశాల మొదలుపెట్టాడు. తూసీ సరిదిద్దిన యూక్లిడ్‌ను 18వ శతాబ్దపు తొలి దశకాల్లో జైపూర్ జైసింగ్ కొలువులో జగన్నాథ పండితుడు సంస్కృతంలోకి 'రేఖాగణితం'గా తెచ్చాడు. జ్యా అటు వెళ్ళింది, యూక్లిడ్ ఇటొచ్చాడు, మధ్యన ఉన్నది అరబ్బీ.

ఆ తూసీ యూక్లిడే మన మదర్సాల పాఠ్యక్రమంలోనూ ఉండేది. 1748లో చనిపోయిన లక్నో పండితుడు ముల్లా నిజాముద్దీన్ పేరుమీద నడిచే దర్సె నిజామీలో జ్యామితి, ఖగోళం పాఠాలే. తర్వాత తర్వాత అవి పేరుకే మిగిలి, చాలాచోట్ల పేరుకు కూడా లేకుండా పోయాయి. ఎవరో వచ్చి తీసేయలేదు. అయినా మావాళ్ళ వెనకబాటు అంతటికీ మదర్సాలే కారణమనే లౌకికవాద మిత్రులు ఒక అంకె గమనించాలి: 2006 నాటి సచార్ కమిటీ ప్రకారం బడికెళ్ళే ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో చదివేది దాదాపు నాలుగు శాతమే. మిగతావాళ్ళు మీ పిల్లలు చదివే బళ్ళలాంటి బళ్ళలోనే ఉన్నారు, లేదా బడిమానేసి మిరప కోతల్లో ఉన్నారు. ఇంటర్‌లో ఆల్జీబ్రా చేసే మా అమ్మాయికి జబ్ర్ అంటే తెలియదు. జబ్ర్ చదవగల హాఫిజ్ కుర్రాడికి ఆల్జీబ్రా తెలియదు. ఒక్కోసారి ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్ళు.

హిజ్రీ 1359లోనే హైదరాబాదులో ఇంకో చిన్న పుస్తకం అచ్చయింది. వెయ్యేళ్ళ కిందటి కరాజీది. బాగ్దాదులో ఆల్జీబ్రాను రేఖల నుంచి విడదీసి ముందుకు నడిపిన గణితవేత్త ఆయన. జీవితం చివరి భాగంలో ఇరాన్ కొండప్రాంతాలకు వెళ్ళి, భూమిలో దాగిన నీళ్ళను పైకి తీయడం గురించి రాశాడు. ఎలాంటి నేల కింద నీరుంటుంది, ఏ మొక్కలు నీటి జాడ చెబుతాయి, వాన నీరూ మంచు నీరూ లోపలికి ఎలా ఇంకుతాయి, సొరంగపు కాలువకు వాలు ఎలా కొలవాలి, కొలిచే పరికరాలు ఎలా చేసుకోవాలి, తవ్వేటప్పుడు గాలి చెడితే ఏం చేయాలి - అన్నీ ఉన్నాయి. ఒక బావికీ ఇంకో బావికీ మధ్య ఎంత దూరం వదలాలి, పక్కవాడి నీళ్ళు లాక్కునే హక్కు ఎవరికైనా ఉందా అన్న చర్చ కూడా ఉంది. ఆ దూరాన్ని అరబ్బీలో 'హరీమ్' అంటారు. మన రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయొద్దన్నది దాదాపు ఇలాంటి మాటే. దర్శి, కనిగిరి మెట్టల్లో ఒకడి బోరు పక్కన ఇంకొకడు మరింత లోతుకు దింపి, ఇద్దరూ ఎండిపోయిన చేలు మేము చూశాం. కరాజీ పుస్తకంలో ఆ భాగం పెద్దదేం కాదు. మా మసీదు అరుగుమీద సాయంత్రం కూర్చునే ఆలిమ్‌లు నాలుగు శుక్రవారాల్లో చదివి చెప్పగలరు. వినడానికి సాయిబులే రానక్కర్లేదు, బోరున్న వాళ్ళెవరైనా రావచ్చు.